కాపురమునకు తగిన పేట

ప్రతి వేసవిలోను, బడులకు సెలవులిచ్చిన పిమ్మట, హైదరాబాదునకు చేరు రాజమార్గములన్నిటి మీదను ఇంటి సామానులతో నిండిన లారీలు కనబడుచుండును. విజయవాడ దారిని, వరంగల్లు దారిని, కర్నూలు దారిని వచ్చు ఆ బండ్లలో బీరువాలు, మంచములు, కుట్టుమిషను, పిల్లల సైకిళ్లు త్రాళ్లతో బిగించి కట్టబడి యుండును. ఆ సామానుల వెనుక వచ్చు కుటుంబములకు నగరములో ఉద్యోగము నిశ్చయమై యుండును గాని, ఏ పేటను, ఏ వీధిని, ఎట్టి యిరుగుపొరుగును తమవిగా చేసికొనబోవుచున్నారో అనేకులకు స్పష్టముగా తెలిసియుండదు. ఉద్యోగమును గూర్చి నెలల తరబడి ఆలోచించినవారే కాపురముండవలసిన చోటును ఒక్క ఆదివారమున తేల్చివేయుదురు. ఫోనులో పది ఫొటోలు చూచి, బ్రోకరు వెంట నాలుగు ఫ్లాట్లు తిరిగి, వానిలో వెలుతురున్న దానికి అడ్వాన్సు ఇచ్చి వత్తురు. వారు చూచినది నాలుగు గోడల లోపలి భాగము మాత్రమే. గోడల వెలుపల నున్న పేటను చూచుట అప్పటికి జరుగనే లేదు.

సంపాదించువారు, భర్తయే కానిండు, భార్యాభర్త లిరువురే కానిండు, ఉదయము ఇల్లు విడిచి రాత్రికి గాని తిరిగిరారు. వారు లేని ఆ పది పండ్రెండు గంటలును పేటను నిజముగా అనుభవించువారు వేరు: మధ్యాహ్నము బడి బస్సు దిగు బాలిక, చంటిబిడ్డ నెత్తుకొని టీకా కొరకు వెళ్లు తల్లి, సాయంకాలము నలుగురితో కూర్చుండుటకు ఒక అరుగు వెదకుకొను తాత, మోకాళ్ల నొప్పితో మేడమెట్లు దిగలేని నాయనమ్మ. అయినను పేటను ఎంచుకొనునపుడు లెక్కకు వచ్చునవి సాధారణముగా రెండే, ఆఫీసు దూరము, గజము ధర. ఈ రెండును ఇంట నుండనివారి లెక్కలే. ఇంటిలో అందరికంటె బలహీనులైన వారి దినము ఎచ్చట సుఖముగా గడచునో అదియే కుటుంబమునకు తగిన పేట యని నా దృఢాభిప్రాయము. ఆ దృష్టితో హైదరాబాదు శివార్లను పరిశీలించినచో ధరల పట్టికలలో కానరాని భేదములు అనేకములు కంటికి తోచును.

ఈ నగరము ఒకే కాలమున, ఒకే సంకల్పముతో పెరిగినది కాదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ దక్షిణపుటొడ్డున నెలకొల్పిన పట్టణము 1908 సెప్టెంబరు నాటి వరదలో వేలకొలది ప్రాణములను గోల్పోయెను. పిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి యొకటి ఏర్పడి, ఇరుకు బస్తీలను సవరించి, గాలియు వెలుతురును సోకు ఇండ్లను కట్టించుటకు పూనుకొనెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత పెద్ద కర్మాగారములు నగరపు అంచులకు చేరెను: రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్., బాలానగర్ వైపున ఐ.డి.పి.ఎల్., ఈశాన్యమున 1967లో ఇ.సి.ఐ.ఎల్. ఈ కర్మాగారముల నీడన ఉద్యోగుల కాలనీలు వెలసెను. ఇ.సి.ఐ.ఎల్. వ్యవస్థాపకులైన అయ్యగారి సాంబశివరావుగారి పేర నున్న ఎ.ఎస్. రావు నగర్, విశ్రాంత సైనికోద్యోగులు కట్టుకొన్న సైనిక్‌పురి, ప్రభుత్వోద్యోగులు విరివిగా స్థిరపడిన వనస్థలిపురము, హౌసింగ్ బోర్డు వారు కూకట్‌పల్లిలో కట్టించిన కె.పి.హెచ్.బి. కాలనీ, ఇవన్నియు ఆ తరము నాటివి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట నగరము పడమరకు విస్తరించెను. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఏర్పడుటతో మణికొండ, నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్, నిజాంపేట, బాచుపల్లి మొదలైన పల్లెలు ఒక తరము గడువకమునుపే బహుళాంతస్తుల భవనములతో నిండిపోయెను.

ఈ చరిత్రను చెప్పుటకు ప్రయోజనము గలదు. తాము నివసించుటకై కొందరు కూడి కట్టుకొన్న పేటలు ఒక తీరున నుండును. ఇతరులకు అమ్ముటకై ముక్కలు చేసిన పేటలు వేరొక తీరున నుండును. మొదటి వానిలో వీధులు వెడల్పుగా నుండకపోయినను ఒక పార్కు, ఒక గ్రంథాలయము, ఒక గుడి, సంఘపు కార్యాలయము, బడికి విడిచిన స్థలము కనబడును. ఏలయన, ఆ స్థలములను విడిచినవారు తమ పిల్లలను మనసులో నుంచుకొని విడిచిరి. రెండవ వానిలో గేటు లోపల ఈతకొలను సైతము ఉండును గాని, గేటు వెలుపల కాలినడకకు తావుండదు. క్రొత్త పేటలన్నియు చెడ్డవని నా భావము కాదు. పాత కాలనీలలో లిఫ్టు లేని మూడంతస్తుల ఇండ్లు, కార్లతో నిండిన సందులు, మార్చవలసిన పాత మురుగు గొట్టములు కలవు. అయినను చిన్నపిల్లలు, ముదుసలులు గల కుటుంబము తన వెదకులాటను పాత కాలనీలతోనే ఆరంభించుట మేలు. అచ్చట అద్దె తక్కువయని కాదు, అచ్చట జీవితమునకు కావలసినవి నడకదూరములో నుండుటచేత.

ఇంక నీటి సంగతి. ఈ నగరమున పేటను ఎంచుకొనువారు అన్నిటికంటె ముందు విచారింపవలసినది ఇదియే; ఇంటికి రాకూడని నీరు ఒకటి, ఇంటికి రావలసిన నీరు ఒకటి, రెండింటిని గూర్చియు విచారింపవలెను.

హైదరాబాదు నల్లరాతి పీఠభూమి మీద నున్న ఊరు. ఈ నేలలో వాననీరు త్వరగా ఇంకదు. అందుచేతనే పూర్వులు పల్లమునుబట్టి గొలుసుకట్టుగా చెరువులు త్రవ్వించి, ఒక చెరువు అలుగు పారిన నీరు వాగు వెంట మరియొక చెరువునకు చేరునట్లు ఏర్పాటు చేసిరి. 1562 నాటి హుస్సేన్ సాగర్ మొదలు పేరు మరుగుపడిన కుంటల వరకు అన్నియు ఆ యేర్పాటులోనివే. పిదప చెరువుల గర్భములోని శిఖము భూములు ప్లాట్లయ్యెను, వాగులు నాలాలయ్యెను, నాలాల మీద గోడలు లేచెను; కాని నీటికి తన పూర్వపు దారి తప్ప వేరు దారి లేదు. 2000 ఆగస్టు 24న ఒక్క దినమున బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడును, 2016 సెప్టెంబరులో నిజాంపేట భండారి లేఅవుట్‌లో అపార్టుమెంట్ల సెల్లార్లు మునిగినప్పుడును, 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ ప్రాంతమున 32 సెంటీమీటర్లు కురిసిన రాత్రి సరూర్‌నగర్, మీర్‌పేట, రామంతాపూర్, టోలిచౌకి ప్రాంతముల కాలనీలు చెరువులైనప్పుడును జరిగినది ఇదియే. వాన వెలిసిన పిమ్మట గూడ కొన్ని కాలనీలలో దినములకొలది నీరు నిలిచెను. ఆ యిండ్లలో నున్నవారు కొనునపుడు వంటగది దిక్కును, వాకిలి వాస్తువును శ్రద్ధతో చూచియుందురు. చెరువు ఏ దిక్కున నున్నదో చూపినవారు మాత్రము లేకపోయిరి.

పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లు, అంతకు చిన్నవానికి 9 మీటర్లు కట్టడములు లేకుండ విడువవలెనని నిబంధన గలదు. ఆ మొదటి హద్దునే ఎఫ్.టి.ఎల్. అనియు, ఆ విడిచిన భాగమును బఫర్ జోన్ అనియు వ్యవహరించుచున్నారు. చెరువుల హద్దులను చూపు పటములను మహానగరాభివృద్ధి సంస్థ యగు హెచ్.ఎం.డి.ఎ. వారు తమ వెబ్‌సైటులో నుంచిరి. ఇల్లు అద్దెకే యైనను వానిని ఒకసారి చూచుట మంచిది. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా సంస్థ చెరువుల పరిధిలోని కట్టడములను తొలగింప మొదలిడినప్పుడు, రిజిస్ట్రేషను పత్రములు చేతబట్టుకొని మొరపెట్టుకొన్న గృహస్థులను మనమందరము చూచితిమి. రిజిస్ట్రేషను అయినంత మాత్రమున స్థలము నివాసయోగ్యమైనదని తలపరాదు. రిజిస్ట్రారు ఆఫీసువారు క్రయవిక్రయములను నమోదు చేయుదురే గాని పల్లమును, మెరకను చూడరు.

పటముకంటె నమ్మదగిన సాక్షులు వీధిలో నుందురు. కిరాణా కొట్టువాడు, ఇస్త్రీ బండివాడు, పదేండ్లుగా ఉన్న వాచ్‌మన్, సైకిలు షాపువాడు, వీరిలో ఒకరిని సమీపించి, “అన్నా, ఇరవైలో పడ్డ వానలకు ఈడ నీళ్లు ఎంతదాంక వచ్చినయి?” అని అడిగినచో, “గీ మూడో మెట్టు దాంక వచ్చినయి సార్, బండ్లన్నీ మునిగినయి” యని చేయి చాపి చూపుదురు. వారికి ఇల్లు అమ్ముకొను అవసరము లేదు, కాబట్టి దాచరు. అడుగక పోయినను గోడలు చెప్పును: ప్రహరీ మీద ఒకే ఎత్తున సాగిన మరక, గేటుకడ్డముగా క్రొత్తగా కట్టిన మోకాలెత్తు గోడ, సెల్లారు దారిలో పేర్చిన ఇసుక బస్తాలు, వీధికంటె మెట్టు దిగువనున్న గుమ్మము. వీలైనచో జులై ఆగస్టు మాసములలో పెద్ద వాన కురిసిన మరునాటి ఉదయము ఆ పేటకు వెళ్లవలెను. ఎండకాలపు ఆదివారమున అన్ని పేటలును అందముగనే యుండును.

ఇంటికి రావలసిన నీరు మరియొక కథ. 1908 వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియై నగరమునకు నీరిచ్చెను. నగరము పెరిగిన కొలది మంజీరా నుండియు, సింగూరు నుండియు, పిదప నాగార్జునసాగర్ వద్ద కృష్ణ నుండియు, ఎల్లంపల్లి వద్ద గోదావరి నుండియు నీటిని ఎంతో దూరమునుండి పంపులతో తోడి తేవలసివచ్చెను. అంత దూరము వచ్చిన నీరు అన్ని పేటలకును సమముగా చేరుట లేదు. చాల చోట్ల దినము విడిచి దినము వచ్చును. క్రొత్త శివార్లలో అంతకంటె అరుదు. గ్రేటర్ హైదరాబాదు పరిధిలో 2021 నుండి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచితముగా ఇచ్చు పథకము గలదు గాని, గొట్టము రాని వీధికి ఉచితమును లేదు, వెలయును లేదు. అట్టి చోట్ల బోరే దిక్కు; రాతి పగుళ్లలో దొరకు ఆ నీరు ఫిబ్రవరి దాటగానే అడుగంటును. 2024 వేసవిలో పడమటి శివార్ల అపార్టుమెంట్ల ముందు ట్యాంకర్లు బారులు తీరినది ఇందుచేతనే.

“నీళ్లకు లోటు లేదండీ, ఇరవైనాలుగు గంటలూ వస్తాయి” అని ఇంటివారు చెప్పుదురు; ఆ మాట అబద్ధము కాకపోవచ్చును, కుళాయి త్రిప్పిన నీరు వచ్చును; కాని అది మంజీరా నీరా, బోరు నీరా, ట్యాంకరు నీరా యన్నది అడిగి తెలిసికొనవలెను. అపార్టుమెంటు సంఘపు కార్యదర్శిని కలిసి, గడచిన ఏప్రిలు, మే మాసముల మెయింటెనెన్సు లెక్క చూపుమని మర్యాదగా కోరినచో ట్యాంకర్లకైన ఖర్చు అందు విడిగా వ్రాసియుండును. ఆ యొక్క కాగితము ఆ భవనమును గూర్చి బ్రోకరు రోజంతయు చెప్పిన దానికంటె ఎక్కువ చెప్పును. కుటుంబములో చంటిబిడ్డ యున్నను, మంచమున పడియున్న పెద్దలున్నను నీటి కొరత బాధ ఎవరి మీద పడునో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ బాధ ఆఫీసులో నున్నవారికి వినబడదు.

దూరముల విషయమున నేను లోకాభిప్రాయమునకు కొంత భిన్నముగా చెప్పవలసియున్నది. ఆఫీసునకు దగ్గరగా ఇల్లు తీసికొని, పిల్లలను దూరపు బడికి బస్సులో పంపుట ఇప్పుడు పరిపాటియైనది. దీనిని తలక్రిందులు చేయవలెను. పెద్దవారు మెట్రోలో ముప్పావుగంట కూర్చుండి పుస్తకము చదువుకొనగలరు. ఏడేండ్ల పిల్ల బస్సులో గంటసేపు ఊగుచు వెళ్లి గంటసేపు ఊగుచు వచ్చినచో ఆమెకు ఆటకును, నిద్రకును మిగులు కాలమేమి? అదియునుగాక ఆఫీసులు మారును. మంచి బడి దొరకిన పిమ్మట దానిని మార్చుట కష్టము. 2017 నవంబరులో ఆరంభమైన మెట్రో మియాపూర్ నుండి ఎల్.బి. నగర్ వరకును, నాగోల్ నుండి రాయదుర్గం వరకును, జూబ్లీ బస్‌స్టేషను నుండి మహాత్మాగాంధీ బస్‌స్టేషను వరకును సుమారు 69 కిలోమీటర్లు సాగియున్నది. నాగోల్, ఉప్పల్, ఎల్.బి. నగర్ వైపున నివసించువారు సైతము దారిలోని సిగ్నళ్లతో నిమిత్తము లేకుండ పడమటి ఆఫీసులకు చేరగలుగుట దీనివలన కలిగిన పెద్ద మేలు. 2003 నుండి నడచుచున్న ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు లింగంపల్లి, చందానగర్ ప్రాంతములవారికి స్వల్ప వ్యయముతో ఉపకరించుచున్నవి. ఔటర్ రింగు రోడ్డు దగ్గరయని చెప్పి అమ్మబడు ఇండ్లు కారున్నవారికి మాత్రమే దగ్గర. ఆ రోడ్డు పిల్లలకు గాని, పెద్దలకు గాని ఏ విధముగను పనికిరాదు.

బడిని ఎంచునపుడు ప్రకటనలలోని ర్యాంకులకంటె ఆటస్థలమును చూడవలెను. వాణిజ్య భవనపు మూడవ అంతస్తులో, క్రింద బట్టల దుకాణమును పైన బడియును నడచుచున్న చోట్లు ఈ నగరమున కొల్లలు. తెలంగాణలో 2018 చట్టము ప్రకారము అన్ని బడులలోను తెలుగు తప్పక బోధింపవలెను. ఆ చట్టమును మనసుపెట్టి పాటించు బడి ఏదియో, నామమాత్రముగా పాటించునది ఏదియో తెలుగు పంతులుగారితో ఐదు నిమిషములు మాటాడిన తెలియును. ఆంధ్రప్రదేశమునుండి వచ్చు కుటుంబములు మరియొక లెక్క వేసికొనవలెను. ఉమ్మడి ప్రవేశములకు రాష్ట్ర విభజన చట్టము విధించిన పదేండ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసినది. ఇంజనీరింగు వంటి ఉన్నతవిద్యా ప్రవేశములలో స్థానికతను సాధారణముగా అర్హత పరీక్షతో ముగియు నాలుగు వరుస విద్యాసంవత్సరముల చదువునుబట్టి నిర్ణయింతురు. కావున పిల్లవానిని తొమ్మిదవ తరగతికి ముందు తీసికొనివచ్చుటకును, పదియవ తరగతి తరువాత తీసికొనివచ్చుటకును చాల భేదము గలదు. ఈ సంగతి తెలియక బదిలీని ఒక సంవత్సరము వాయిదా వేసికొన్న తండ్రులు పిల్లల ఇంటరు పూర్తియైన పిమ్మట చింతిల్లుచున్నారు.

ఒక పేట పిల్లలకు తగినదా కాదా యని తెలిసికొనుటకు నేను ఎరిగిన పరీక్ష ఒక్కటే: పదేండ్ల పిల్ల, తల్లి భయపడకుండ, పెద్ద రోడ్డు దాటకుండ, ఒంటరిగా పోయి పాల ప్యాకెట్టు తెచ్చుకొనగలదా? తెచ్చుకొనగలిగినచో ఆ పేటలో వీధిదీపములు వెలుగుచున్నవి, కాలిబాట మిగిలియున్నది, దుకాణము దగ్గరనున్నది, వీధికుక్కల బెడద మితముగా నున్నది, అన్నిటికంటె ముఖ్యముగా, అరుగుల మీద కూర్చుండి వచ్చిపోవువారిని గమనించు పెద్దలున్నారు. ఇది ఏ ప్రకటనలోను వ్రాయరు. సాయంకాలము ఆరు గంటలకు వెళ్లి వీధిలో నిలిచి చూడవలెను; పిల్లలు బయట ఆడుచున్నారా, లేక అన్ని తలుపులును మూసియున్నవా? ఆమోదము పొందిన లేఅవుట్‌లో పదియవ వంతు స్థలమును ఖాళీగా విడువవలెనని నియమము. ఆ పదియవ వంతు ఎక్కడనున్నదని కాలనీ సంఘమువారి నడుగుడు. కొన్ని చోట్ల అది చెట్లతో నిండిన పార్కుగా నున్నది. కొన్ని చోట్ల దాని మీద ఎవరిదో ఇల్లున్నది. సంఘమువారు కోర్టుకెక్కి పార్కును నిలుపుకొన్న కాలనీ యొకటి మీ కంట పడినచో, రెండు గదులు చిన్నవైనను, అచ్చటనే ఇల్లు వెదకుడు.

రాత్రి పది దాటిన తరువాత ఒకమారు వెళ్లుటయు అవసరమే. జీడిమెట్ల, పటాన్‌చెరు పారిశ్రామిక వాడల చుట్టుప్రక్కల పగలు తెలియని రసాయనపు వాసన రాత్రివేళ ముక్కునకు సోకును. జవహర్‌నగర్ చెత్తగుట్ట వైపునుండి గాలి మళ్లినప్పుడు దమ్మాయిగూడ, నాగారం వాసులు కిటికీలు మూసికొనవలసి వచ్చుచున్నది. ఉబ్బసము గల పిల్లలున్న ఇంటికి ఇది చిన్న విషయము కాదు.

ముదుసలుల సంగతి చెప్పకుండ ఈ వ్యాసమును ముందుకు నడపలేను. ఊరిలో పది మంది పలుకరించిన పెద్దమనిషి ఏడవ అంతస్తు బాల్కనీలో కుర్చీ వేసికొని కార్లను లెక్కపెట్టుచు కూర్చుండుట చూచినప్పుడెల్ల, ఈ ఇల్లు ఎంచినవారు ఈయన నేమైనను అడిగిరా యని మనసు కలుక్కుమనును. ఆయనకు కావలసినవి కొలదియే: కూర్చుండుటకు బెంచీ గల పార్కు, నడిచి పోదగిన గుడియో, మసీదో, చర్చియో, తన భాషలో మాటాడు నలుగురు, రక్తపుపోటు చూచు వైద్యుడు. 2018 నుండి బస్తీ దవాఖానాలు ఏర్పడిన పేటలలో చిన్న పరీక్షలకు పెద్ద ఆసుపత్రికి పోనక్కరలేదు. కరెంటు పోయినప్పుడు లిఫ్టు నడచునా యని అడుగుటయు ఆయన పక్షమున అడుగవలసిన ప్రశ్నయే. 1999లో ఆరంభమైన రైతుబజార్లు ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, వనస్థలిపురం, సరూర్‌నగర్‌లలో నున్నవి. వాని చేరువ నివాసమైనచో ఉదయము సంచి పట్టుకొని బయలుదేరి, పల్లెనుండి వచ్చిన రైతుతో వానలను గూర్చి నాలుగు మాటలాడి, తోటకూర కట్ట తెచ్చుట పెద్దలకు వ్యాయామమును అగును, వ్యాపకమును అగును.

ఊరికి పోవు దారిని గూడ లెక్కలోనికి తీసికొనవలెను. పండుగలకు, పెండ్లిండ్లకు, అంతకంటె ముఖ్యముగా దుర్వార్త వచ్చిన అర్ధరాత్రివేళ, నగరమును అడ్డముగా దాటవలసిన పని లేకుండుట గొప్ప సౌకర్యము. నల్లగొండ, సూర్యాపేట, విజయవాడ వైపువారు ఎల్.బి. నగర్, వనస్థలిపురం పరిసరములను, వరంగల్లు వైపువారు ఉప్పల్‌ను, కరీంనగర్, సిద్దిపేటలవారు అల్వాల్ వైపును, నిజామాబాదువారు కొంపల్లి, మేడ్చల్ దిక్కును, మహబూబ్‌నగర్, కర్నూలు వైపువారు రాజేంద్రనగర్, అత్తాపూర్‌లను కోరుకొనుట సహజమే. తమ ప్రాంతమువారు దగ్గరనుండుట మొదటి సంవత్సరమున ఎంతో ధైర్యము నిచ్చును.

ఇరుగుపొరుగును గూర్చి ఒక మాట కఠినముగా చెప్పక తప్పదు. “మీరేవిట్లు?” అని ముందడిగి, కులము తెలిసికొని, వంటింట ఏమి వండుదురో విచారించి, మతమును చూచి ఇల్లు అద్దెకిచ్చు ఆచారము ఈ మహానగరములో ఇంకను మాసిపోలేదు. భర్త తోడు లేక పిల్లలతో వచ్చిన స్త్రీకి ఇల్లు దొరకుట మరింత దుర్లభముగా నున్నది. ఇది సిగ్గుపడవలసిన సంగతి. అట్టి ప్రశ్నలడిగిన ఇంట చేరుటకు మనకు అర్హత యున్నను చేరకుండుటయే మంచిదని నా సలహా. తలుపు తట్టువారిని కులమునుబట్టి వడగట్టు వీధిలో పెరిగిన పిల్లలు మనుష్యులను చూచుట ఎట్లు నేర్చుకొందురు? పలు ప్రాంతములవారు, పలు మతములవారు, పలు ఆదాయములవారు ప్రక్కప్రక్కన నివసించు పేటలు ఈ నగరములో నేటికిని చాల కలవు. కర్మాగారముల కాలనీలు, రైల్వే ఉద్యోగులు స్థిరపడిన మల్కాజిగిరి వంటి చోట్లు ఇందుకు పేరెన్నికగన్నవి. కుటుంబమునకు తగినదనగా ఒకే విధమైన కుటుంబములున్న పేటయని అర్థము చేసికొనరాదు.

ఇన్నియు ఒక్క పేటలో కుదురునా యని పాఠకులడుగవచ్చును. కుదురవు. ఆదాయమునుబట్టి కొన్నిటిని విడువక తప్పదు. విడువవలసివచ్చినప్పుడు గదుల సంఖ్యను, భవనపు హంగులను, ఆఫీసు సామీప్యమును విడువవచ్చును గాని, నీటిని, బడి దూరమును, నడకదారిని విడువరాదు. మరియు వచ్చీరాగానే కొనుటకు తొందరపడరాదు. ధరలు పెరిగిపోవునన్న భయముతో ఊరు తెలియకమునుపే అప్పు చేసి కొన్నవారు ఇరువది సంవత్సరములు ఆ నిర్ణయమునకు కట్టుబడియుందురు. మొదట అద్దెకు దిగుడు. రెండు మూడు నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చి పదునొకండు నెలల ఒప్పందము వ్రాసికొనుట ఇచ్చట వాడుక. జూన్‌లో దిగిన కుటుంబమునకు ఆ గడువులోనే ఒక వర్షాకాలము పూర్తిగను, మరుసటి వేసవి చాల భాగమును అనుభవమునకు వచ్చును. వాన నీరు ఎక్కడ నిలిచినది, ఏప్రిలులో బోరు ఏమైనది, బడి బస్సు ఎన్ని గంటలకు వచ్చినది, జ్వరము వచ్చిన రాత్రి ఆటో దొరకినదా లేదా యన్నవి ఆ కాలములో ఇంటివారందరికిని స్వయముగా తెలిసిపోవును.

ఆ పిమ్మట కొనదలచినచో కాగితముల పరిశీలన వేరుగా నుండనే యున్నది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలములోగాని, ఎనిమిదింటికి మించిన ఇండ్లతోగాని కట్టు వెంచరు స్థిరాస్తి నియంత్రణ సంస్థ యగు రెరాలో నమోదైనదా యని చూడవలెను; ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టును, లేఅవుట్ అనుమతిని, చెరువు హద్దులను న్యాయవాదిచేత పరీక్ష చేయింపవలెను. కాని ఆ కాగితములను న్యాయవాదికి ఇచ్చుటకు ముందు, ఆ సంవత్సరమంతయు పేటను పగటివేళ అనుభవించిన నాయనమ్మను, బడికి పోయివచ్చిన పిల్లను కూర్చుండబెట్టి, ఇచ్చటనే యుందమా యని అడుగవలెను. వారు వద్దన్నచో వేరొక పేటను చూడవలెను; ఉందమన్నచో ఆ రెండు మూడు వీధుల లోపలనే, ఫ్లాటు కొంత చిన్నదైనను, అమ్మకమునకు వచ్చువరకు వేచియుండవలెను.